పైకి లేవని గీత

నేను ఆసుపత్రిలో ఏసీలు బాగుచేసేవాణ్ణి, ఆమె ల్యాబ్ టెక్నీషియన్. రక్తం ఓ పట్టాన ఆగని రోగుల ప్లేట్‌లెట్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో తేల్చే మెషీన్ ఆమెది. పక్కన పెట్టి పోల్చడానికి ప్రతిసారీ ఒక ఆరోగ్యవంతుడి రక్తం కావాలి, వాడు పది రోజులుగా ఏ నొప్పిమాత్రా మింగి ఉండకూడదు. ఆ ఆరోగ్యవంతుణ్ణి నేనేనంటూ ప్రతి మంగళవారం చెయ్యి చాపేవాణ్ణి. ఎందుకో ల్యాబ్ మొత్తానికీ తెలుసు, ఆమెకు తప్ప. తెలియనట్టు నటించేదేమో, ఎవరికెరుక!

నిజం చెప్పొద్దూ, ఆ గదంటే నాకు భయం. కిటికీలు లేవు. చిన్న గాజుగొట్టంలో నా రక్తంలోంచి తీసిన పసుపుపచ్చని ద్రవం మసకమసగ్గా సుడి తిరుగుతుంటుంది. మందుచుక్క పడగానే ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టాలి, ద్రవం తేటపడాలి, స్క్రీన్ మీద గీత పైకి లేవాలి. నాది ఎప్పుడూ లేచేది.

ఒక్కోసారికి నాలుగు రకాల మందులు వేసి చూస్తుంది. ఆ మంగళవారం మూడింటికి లేచింది. నాలుగోదానికి నేలబారుగా సాగిపోయింది. కొత్త సీసా తెరిచి వేసినా అంతే. నా నుంచి వచ్చిందే నా మాట విననట్టు, గొట్టంలో అది మబ్బుగా తిరుగుతూనే ఉంది.

"ఆస్పిరిన్ వేసుకున్నావు" అంది.

"ఒట్టు, లేదు."

"ఈ మందు ఒక్కదానికే లేవలేదంటే అదే కారణం. ఆరేళ్ళ పిల్లకి టాన్సిల్స్ ఆపరేషన్ చెయ్యొచ్చో లేదో నీ రక్తం పక్కన పెట్టి చెప్పాలి నేను. నా దగ్గరా అబద్ధాలు?"

ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇంక మీరు రానక్కర్లేదండీ అని తలుపు చూపించింది. ఆరు నెలల 'నువ్వు' పోయి, ఒక్క నిమిషంలో 'మీరు' వచ్చింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పది రోజులు తలనొప్పి వచ్చినా మాత్ర ముట్టలేదు. పదకొండో రోజు కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ చెయ్యి చాపాను. గీత లేవలేదు. ఈసారి ఆమె కోప్పడలేదు. నా మొహంలోకి చూసింది, ఆమె మొహమే పాలిపోయింది.

"నిజంగానే నువ్వు వేసుకోవడం లేదు కదూ?"

"లేదు."

"అయితే నీకెవరో వేస్తున్నారు."

నా ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. నేనూ అమ్మా, ఇద్దరమే అన్నాను. నువ్వు తినేదాంట్లో, తాగేదాంట్లో ఏం కలుస్తోందో చూడమంది.

మర్నాడు పొద్దున వంటింటి గడపలో నిలబడ్డాను. అమ్మ అటు తిరిగి నేను తాగే పాలు కలుపుతోంది. చెంచా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. పంచదార కరగడానికి అంతసేపు అక్కర్లేదు. కన్నతల్లి వీపు చూసి భయపడ్డాను, ఏం చెప్పను! పాలు వేరే గిన్నెలోకి ఒంపితే గ్లాసు అడుగున తెల్లటి పొడి మిగిలింది. చేతిలో గ్లాసుతోనే ఆమెకు ఫోన్ చేశాను. డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషి పావుగంటలో మా ఇంట్లో ఉంది.

అమ్మ దాచలేదు. నాన్న ముప్ఫయ్యో ఏట గుండె ఆగి పోయాడు. రోజూ ఓ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకుని ఉంటే బతికేవాడేమోనని అప్పుడెవరో డాక్టరు అన్నారట. నాకూ కిందటి నెలే ముప్ఫయ్యో ఏడాది వచ్చింది.

"చెబితే వీడు నవ్వి కొట్టిపారేస్తాడమ్మా" అంది అమ్మ, నాతో కాదు, ఆమెతో. "పొద్దున్నే వీడి గదిలోంచి దగ్గు వినబడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు."

ఆమె అమ్మ పక్కన కూర్చుంది. డాక్టర్ని అడక్కుండా ఇలాంటివి వేస్తే ప్రమాదమనీ, కడుపులో రక్తం కారొచ్చనీ మెల్లగా చెప్పింది. ఈవేళే గుండె డాక్టరుకి చూపిద్దాం, ఆయన రాస్తేనే మాత్ర అంది. నావైపు తిరిగి, నిన్ను నమ్మనందుకు క్షమించమంది. నేను తల ఊపాను.

"డాక్టరు ఒకరోజు చూస్తాడు. ఆ తర్వాత రోజూ ఎవరు చూస్తారమ్మా?" అని అమ్మ అడిగింది.

"నేను చూసుకుంటాను అత్తయ్యా. ఇంక మీరొక్కరే భయపడక్కర్లేదు."

నాన్న పోయాక అమ్మ ఏడవగా నేను చూడలేదు. ఆ పొద్దున ఆమె భుజం మీద తల పెట్టుకుని, నేనక్కడ ఉన్న సంగతే మరిచిపోయి, చాలాసేపు ఏడ్చింది.