ఎర్ర మూత పైకే

“ఎర్ర మూత పైకే పెట్టారా?”

రేవులో అడుగు పెట్టీ పెట్టకముందే ల్యాబ్ అమ్మాయి నిలదీసింది. పడవతనికి ఒళ్ళు మండింది. వారం కిందట సరస్సు నడిమధ్య నుంచి మీటరు పొడవు బురద గొట్టం లాగి ఇచ్చింది అతనే. పై కొసకు ఎర్ర మూత, అడుగుకు నల్ల మూత బిగించిందీ అతనే.

ఆ బురదలో పురుగుల తలకాయలు లెక్కపెట్టడం ఆమె పని. ఒళ్ళు కుళ్ళిపోయినా కంటికానని ఆ తలలు వందల ఏళ్ళు చెక్కుచెదరవట. ఏ పొరలో ఏ పురుగుందో చూస్తే ఆనాటి నీళ్ళెలా ఉండేవో తెలుస్తుందట. తీరా చూస్తే అడుగున, పాత పొరల్లో మురికినీటి పురుగులు, పైన కొత్త పొరల్లో మంచినీటివి. సరస్సు పాడవుతుంది గానీ బాగుపడుతుందా, పడవవాడు గొట్టం తిరగేశాడు, పారెయ్ అన్నాడట ప్రొఫెసర్. పారేస్తే ఆమె ఈ ఏడాది చదువూ దాంతోపాటే.

“ఎనిమిదో తరగతి తప్పాను గానీ మేడం, పైకీ కిందకీ తేడా తెలుసు. ఎక్కండి.”

మళ్ళీ గొట్టం దించాడు. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని, బస్సులో గంటన్నర నిలబడే తెచ్చాడు. కిటికీలోంచి వాన జల్లు ముఖాన కొడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె తన రుమాలుతో తుడిచింది. అతను గొట్టం కంటే నిటారుగా బిగుసుకుపోయాడు.

ల్యాబ్ గుమ్మంలో ప్రొఫెసర్ అతన్ని ఎగాదిగా చూశాడు. పడవవాడి మాట పట్టుకుని పరువు పోగొట్టుకుంటావా అని ఆమెను అడిగాడు.

“పోతే నాదే కదా సార్,” అంది ఆమె. “గొట్టం మీరే కొయ్యండి.”

నాలుగు రోజులకు తేలింది. అవే తలలు, అదే వరుస. ఒడ్డున ఒకప్పుడు తోళ్ల ఫ్యాక్టరీ ఉండేదనీ, అది మూతపడ్డాకే చేపలు తిరిగొచ్చాయనీ పడవతని తండ్రి చెప్పేవాడు. ఆ సంగతి అతను మొదటి రోజే చెప్పేవాడు, ఎవరైనా అడిగితే కదా.

ఆమె అతన్ని పిలిచి మైక్రోస్కోపు చూడమంది. అతను వంగి చూస్తుండగా, చెవి దగ్గర, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగేసింది.

“ఎనిమిది తప్పానని చెప్పాను కదా,” అన్నాడు, తల ఎత్తకుండా.

“నేనడిగింది మార్కులు కాదు.”

అతను మెల్లగా నడుం నిలబెట్టాడు.

“ఇంకోసారి అడగండి. ఇది వంగి వినే మాట కాదు.”