ఎవరింటికప్పా?

దేశనూరు చుట్టుపక్కల దెయ్యాలన్నీ తిప్పేశ్‌ను చూస్తే దారి తప్పుకుని పోతాయి. ఈ మాట ఊరంతా చెప్పుకున్నది తిప్పేశే. నిజానికి గదిలోకి బల్లి దూరినా పక్కింటివాళ్ళను కేకేసే రకం.

ఆ చలికాలం బళ్ళారి గాంధీనగర్ నుంచి అత్త కూతురు మేఘ వచ్చింది. ఊరి బయటి సవుళ్ళ మడుగు గురించి కాలేజీకి ఏదో రాసివ్వాలట. ఒకప్పుడు ఆ నీళ్ళు నోట్లో పెడితే నాలుక మండిపోయేది. ఆడవాళ్ళు వాటిని కాచి ఉప్పు తీసేవాళ్ళు. చలికి ఉత్తరాది నుంచి బాతులు దిగేవి. ఇప్పుడు వరిమళ్ళ మురుగు చేరి మడుగంతా పాచి. ఉప్పు తీసేవాళ్ళు వలసపోయారు. 'మన వారసత్వ సంపద' అని కన్నడంలో బోర్డు పాతారు. ఆ ఏడే బాతులూ రావడం మానేశాయి.

వయసంతా ఆ ఒడ్డున ఉప్పు కాచిన తిప్పేశ్ వాళ్ళ అవ్వ సుంకలమ్మ మంచంలోంచే ఇద్దరికీ చెప్పింది. "దీపాలు పెట్టినాంక ఆడ మేం కాచినదాని పేరెత్తకండి. రుచి అనండి. పేరు పెట్టి పిలిస్తే అమ్మేది వస్తాది. ఎవరింటికని అడుగుతాది. ఎవరి పేరు చెప్తే వాళ్ళకు పోస్తానే ఉంటాది."

"రానీలే అవ్వా, కొసరు కూడా అడుగుతా" అన్నాడు తిప్పేశ్.

పొద్దు గూకింది. మేఘ నీటి అంచున కూర్చుని ఫోన్లో కప్పల అరుపులు పట్టుకుంటోంది.

"ఏం బావా, అంత దూరం నిలబడినావు? కాళ్ళు వణుకుతాండాయా?"

"చలికి లేవే!"

పరువు పోయింది. దీన్ని బెదరగొట్టాల్సిందే అనుకున్నాడు. అరచేతులు నోటికి అడ్డం పెట్టి సాగదీశాడు.

"ఓ ఉప్పమ్మా... ఉప్పు కావల్ల... రా..."

కప్పలు ఆగిపోయాయి. గాలి నిలిచిపోయింది. ఎక్కడో ఉప్పునీళ్ళు కాగుతున్న వాసన... తడిసిన బూడిద వాసన. వెనకాల, గంపలోంచి ఏదో జారుతున్నట్టు... సర్... సర్...

"ఎవరింటికప్పా?"

చెవి పక్కనే. మేఘ చప్పుడు లేకుండా వచ్చి అవ్వ గొంతుతో అడిగిందనుకున్నాడు. నవ్వాపుకుంటూ, "గాంధీనగర్ మేఘకు" అన్నాడు.

తల తిప్పాడు. ఎవరూ లేరు.

మేఘ నీటి అంచునే ఉంది. లేవనే లేదు.

ఇంటికొచ్చి మేఘ మొదటి ముద్దే ఉమ్మేసింది. చారు ఉప్పు. మజ్జిగ ఉప్పు. కుండలో నీళ్ళూ ఉప్పే. తెల్లారి బళ్ళారి తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్చారు. గొంతులో చుక్క దిగడం లేదు. పెదవులు పగిలి తెల్లటి పొర కట్టాయి. సెలైన్ పెడితే ఒళ్ళంతా మండిందని కేకలు పెట్టిందట.

"పిల్చినోడన్నా, వానింటోళ్ళన్నా మళ్ళా పోయి పేరు పెట్టి పిలవల్ల. ఆ పిల్లకొద్దు, నాకే పొయ్యి అనల్ల" అంది అవ్వ, తిప్పేశ్ జరిగింది ఒప్పుకోగానే. "లేకుంటే అది దక్కదురా."

తిప్పేశ్ సందెవేళకు మడుగు దగ్గరికి పోయాడు. చీకటి చిక్కబడ్డాక తిరిగొచ్చాడు.

"చెప్పొచ్చినా" అన్నాడు.

పొద్దున్నే ఫోన్ మోగింది. "బావా... నీళ్ళు తియ్యగుండాయి!" మేఘ ఏడుస్తూ నవ్వుతోంది. విన్నవాళ్ళంతా తిప్పేశ్ వీపు తట్టారు. ఏమైనా మగోడప్పా నువ్వు, అన్నారు. వాడు కూర్చుని అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చారు చారులాగే ఉంది. నాకు పోయలేదంటే మరెవరికి పోస్తాంది? వాడి చెయ్యి ఆగిపోయింది.

చెంబుతో నీళ్ళు పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాడు. ఒక్క గుక్క తాగి మొహం తిప్పుకుంది.

"దప్పిక లేదప్పా."

పెదవుల మీద సన్నగా... తెల్లగా... పొర.

దుప్పటి కాళ్ళమీదికి లాగబోయి ఆగాడు. నేల తొక్కి ఏళ్ళయిన పాదాలు. చీలమండల దాకా మడుగు పచ్చి బురద. అంచుల్లో ఆరి తెల్లబడుతోంది.

మంచం కింద ఏదో జారింది. సర్... సర్...

తిప్పేశ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అవ్వా... నేను దాని పేరెత్తలేదు. నోరు రాలేదు. రుచమ్మా, రుచమ్మా అని గొణిగి... ఉరికొచ్చినా."