నురగ నిలవని గ్లాసు

తాత గ్లాసులో నురగ చచ్చిపోతోంది.

మిగతా రెండు గ్లాసుల్లో తెల్లగా, మందంగా, దూదిపరుపులా నిలబడే ఉంది. ఒకే సీసా. పోసింది ఒకే చెయ్యి. తాత గ్లాసులో మాత్రం అంచుల దగ్గర విరిగి, బుడగలు బుడగలుగా పేలి మాయమవుతోంది.

ఏజెంట్ చూపు అక్కడే ఆగిపోయింది.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నాలుక అంటారు. ఈ మిషన్ కోసం నెలల తరబడి అద్దెగదిలో ఒంటరిగా కూర్చుని ఏల్ అనే బీరు రుచి చూడడం నేర్చుకున్నాడు. బాగుంటే బాగుందని చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు. గోడకే చెప్పేవాడు. నిన్న హోటల్ మెట్ల మీద శవమై దొరికిన, ఏల్ పోటీ మూడో జడ్జి బదులు ఇవాళ ఈ కుర్చీలో కూర్చున్నాడు.

ఫైనల్ రౌండ్. పొలం పక్క షెడ్డులో ఒక రైతు సొంతంగా తయారుచేసిన పేల్ ఏల్. నాలుక తన గ్లాసులోంచి ఒక గుక్క అప్పటికే తాగాడు. ముందు ఎండుగడ్డి వాసన, వెనకే నారింజ తొక్క, కాస్త మిరియం ఘాటు, చివర్లో పొడిగా తేలిపోయే చేదు. అద్భుతం. ఎప్పటిలాగే ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాడు.

పక్క కుర్చీలో ఉన్న చీఫ్ జడ్జే తాత. విదేశీ ముఠాకి జీవితమంతా కోడ్‌లు రాసి, విసిగి, బయటికొచ్చేసిన మనిషి. డిపార్ట్‌మెంట్ లోపల ముఠాకి అమ్ముడుపోయింది ఎవరో ఆయనకి తెలుసు. ఆ పేరు చెప్పేదాకా ఆయన్ని కాపాడడమే నాలుక పని.

"పోటీ అవనీ, పేరు చెబుతా," అన్నాడు పొద్దున. "ఇది నా ఆఖరి పోటీ నాయనా. దీన్ని మాత్రం చెడగొట్టకు."

వైన్ జడ్జీలు రుచి చూసి ఉమ్మేస్తారు. ఏల్ జడ్జీలు మింగాలి. చేదు ఎలా ముగుస్తుందో గొంతు దిగితేనే తెలుస్తుంది. విషం పెట్టేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఎదురుగా రెండో జడ్జి. మెడలో ముత్యాలు, కళ్లలో చిరునవ్వు. డబుల్ ఏజెంట్. ఎవరి తరఫున పనిచేస్తోందో ఆవిడకైనా గుర్తుందా అని ఆమె ఫైల్‌లో ఎవరో రాశారు.

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"తమ్ముడూ, అంతా ఓకేనా?"

అక్క. అతని కంట్రోలర్. ముఖం ఎన్నడూ చూడలేదు. కానీ ఏ ఊళ్లో ఏ గదిలో ఉన్నా, మిషన్ సంగతి ఎత్తేముందు ఆమె అడిగేది ఒకటే: "తిన్నావా?" లోకంలో అతన్ని ఆ మాట అడిగే మనిషి ఇంకొకరు లేరు.

జడ్జింగ్ హాల్లో మాట్లాడకూడదు. ఒకరి మాట వింటే ఇంకొకరి రుచి మారిపోతుందని రూలు. నాలుక కాలర్ బటన్‌లోని మైకు మీద గోటితో రెండుసార్లు తట్టాడు. ఏదో తేడాగా ఉందని సంకేతం.

"తాత గ్లాసులో నురగ పడిపోయిందా? దానికేం కంగారుపడకు," అంది అక్క. "ఆ ముత్యాలావిడ లిప్‌స్టిక్ పని అయ్యుంటుంది. జిడ్డు తగిలితే నురగ నిలవదు. ఆ గ్లాసు ముందు ఆవిడ చేతికి వెళ్లుంటుంది. తాతని తాగనీ. నువ్వు ఆవిడ చేతులు కనిపెట్టు."

నాలుక ఊపిరి పీల్చుకున్నాడు. ముత్యాలావిడ వైపు చూశాడు.

ఆమె పెదాలకి రంగు లేదు. పొడిబారి, మామూలుగా ఉన్నాయి.

అక్కకి ఉన్నది తన మైకు ఒక్కటే. కెమెరా లేదు. తను రెండుసార్లు తట్టాడంతే. నురగ అనే మాట ఈ హాల్లో ఎవరూ పలకలేదు.

మరి ఆ గ్లాసుకి జిడ్డు పట్టించింది ఎవరు?

తనే.

"కొత్త గ్యాడ్జెట్ పంపాను తమ్ముడూ," అంది అక్క పొద్దున. "కర్చీఫ్. విషం తగిలితే నీలంగా మారుతుంది. తాత గ్లాసు లోపలంతా తుడిచి చూడు. గ్లవ్స్ మాత్రం వేసుకో. నా మీద ఒట్టు."

అతను తుడిచాడు. శుభ్రంగా, శ్రద్ధగా.

తాతకి చూపు ఆనదు. రంగు, నురగ పక్కవాళ్లకి వదిలేసి ముక్కునే నమ్ముకున్నాడు. పాత వాసన వదిలించుకోవడానికి, జడ్జీల అలవాటు ప్రకారం, తన చొక్కా మోచేతిని ఒకసారి వాసన చూసుకున్నాడు. గ్లాసు ఎత్తాడు. అంచు పెదవికి తాకబోయింది.

నాలుక చెయ్యి విసిరాడు.

గ్లాసు ఎగిరి నేలమీద భళ్లున పగిలింది.

"సార్! టేబుల్ దగ్గర అల్లరేంటి?" సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు.

"మతి పోయిందా నాయనా?" తాత చొక్కా దులుపుకున్నాడు. "చెడగొట్టొద్దని చెప్పానా?"

నాలుక జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, కర్చీఫ్‌ని పెన్ను కొనతో లేపి, తన గ్లాసులోకి జారవిడిచాడు. దూదిపరుపులాంటి నురగ నిలువునా కూలిపోయింది. కర్చీఫ్ నీలంగా మారలేదు. రంగు మారే మందేదీ అందులో లేదు, జిడ్డు తప్ప. ఆ జిడ్డులో ఏం కలిపారో ల్యాబ్ తేలుస్తుంది.

ముత్యాలావిడ బల్ల కిందనుంచి పిస్టల్ పైకి తీసి, దాన్ని తిరిగి బ్యాగులో పెట్టేసింది. "ఇంకాస్త ఆలస్యమైతే నిన్నే కాల్చేదాన్ని," అంది. "గ్లాసు తుడిచింది నువ్వేగా. చూశాను."

గోడకి ఆనుకుని చూస్తున్న రైతు రెండడుగులు ముందుకొచ్చాడు. "నా ఏల్‌లో ఏముంది సార్?"

"ఫస్ట్ ప్రైజు ఉంది," అన్నాడు నాలుక.

ఇయర్‌పీస్ మళ్లీ గరగరలాడింది. "తమ్ముడూ? ఏంటా చప్పుడు? పలకవేం?"

అలవాటుగా గోరు బటన్ దాకా వెళ్లి ఆగింది. గ్లవ్స్ వేసుకోమని ఒట్టు పెట్టింది. తాతని చంపించింది గానీ, అంటే చంపించబోయింది గానీ, తమ్ముణ్ణి బతకనివ్వాలనుకుంది. అదొక్కటి అబద్ధం కాదు. దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు.

తాత కళ్లు చికిలించి కర్చీఫ్ వంక చూశాడు, తర్వాత అతని ముఖం వంక. సంగతి అర్థమైంది.

"పేరు నేను చెప్పనా నాయనా," అన్నాడు మెల్లగా, "నువ్వే చెబుతావా?"

నాలుక ఇయర్‌పీస్ ఊడదీసి, నురగ లేని ఏల్ పక్కన బల్లమీద పెట్టాడు. కాలర్ బటన్ దగ్గరికి తల వంచాడు. మొదటిసారి గోడకి కాకుండా మనుషుల ముందు, అందరికీ వినబడేలా తీర్పు చెప్పాడు.

"అక్క."