మిణుకుమనే ఎర్ర లైటు

"క్షిపణి డిజైన్లు బయటికి పోతున్నాయి," అన్నాడు చీఫ్. "అవి ఉన్న ల్యాబ్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే దారీ లేదు."

"మరెలా సార్?"

"కంప్యూటర్ క్యాబినెట్ ముందున్న ఎర్ర ఎల్ఈడీ లైటు. వైరస్ దాన్ని సంకేతాలుగా మిణుకుమనిపిస్తోంది. ఎదుటి బిల్డింగుల్లో ఎక్కడో శత్రువుల కెమెరా చదువుకుంటోంది. మెకానిక్ వేషంలో వెళ్ళు. అది పీకి మనది పెట్టు. ఆ కెమెరా ఏ కిటికీలో ఉందో మన లైటే పసిగడుతుంది. లోపల మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ కోకిల."

ఏజెంట్ టూల్‌బ్యాగ్ తగిలించుకుని బయల్దేరాడు.

ల్యాబ్‌లో పట్టుచీరలో నిలబడ్డ అమ్మాయిని చూడగానే కళ్ళు తిప్పుకోవడం కష్టమైంది.

"ఫ్యాన్ చప్పుడు చేస్తోందా?" అడిగాడు.

"ఫ్యాన్ కాదండీ, మనుషులే."

కోడ్ కలిసింది. ఆమే కోకిల.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకాడు. లోపల మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టాడు. ఒంట్లోని స్టాటిక్ పోవడానికి క్యాబినెట్ ఇనుప చట్రాన్ని తాకాడు. పాత లైటు తీసి, ప్లస్, మైనస్ చూసుకుని కొత్తది బిగించాడు.

"ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" మెల్లగా అడిగింది కోకిల.

సొంత పేరుతో తనని ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో! ముఖం కనబడనీయకుండా కిటికీవైపు తిరిగాడు.

"లేరు."

"అయ్యో! సరే, ప్లగ్ పెట్టేయనా?" ఆమె చెయ్యి సాకెట్ దగ్గరికి వెళ్ళిపోయింది.

అలవాటుకొద్దీ అతను బోర్డుమీద ఆఖరి చూపు వేశాడు. లైటు వైరు తను పెట్టినచోట లేదు! పన్నెండు వోల్టుల పిన్నులమీద ఉంది. కరెంటు తగిలితే కొత్త లైటు మాడిపోతుంది, శత్రువుల కెమెరా ఇక దొరకదు.

ప్లగ్ సాకెట్‌ను తాకుతుండగా ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు.

"ఎవరికి పనిచేస్తున్నావ్?"

ఆమె పెనుగులాడలేదు. "ఎవరికైతేనేం? కానీ ఆ ప్రశ్న మాత్రం మనస్ఫూర్తిగా అడిగాను. నాకూ ఎవరూ లేరు."

అతను పట్టు వదల్లేదు. గార్డులొచ్చి ఆమెని తీసుకెళ్ళారు. వైరు సరిచేసి ప్లగ్ పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి ఎదుటి మేడమీద కెమెరాతో సహా ముఠా దొరికిపోయింది.

"శభాష్! ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకో," అన్నాడు చీఫ్ ఫోన్లో.

ఇంటికెళ్ళి స్విచ్ వేస్తే ట్యూబ్‌లైటు వెలగలేదు. మార్చడం అతనికి చిటికెలో పని. అయినా ఫోన్ తీసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. కాసేపైనా ఇంట్లో మనిషి మాట వినబడుతుంది కదా!