అందరికీ ఇచ్చే కొబ్బరికాయ

గాలికి తలకిందులైన గొడుగును కౌంటరు మీద పడేసి, “యే క్యా బేచా భయ్యా? గొడుగా, గిన్నెనా?” అని దామిని నిలదీసిన రోజే రాజగోపాల్ లెక్క తప్పింది.

భిలాయి సెక్టార్ సిక్స్ మార్కెట్లోని తన గొడుగుల దుకాణంలో అమ్మిన సరుకు వెనక్కి తీసుకున్న చరిత్ర అతనికి లేదు. ఆమెకు మాత్రం కొత్త గొడుగు ఇచ్చాడు. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా ఆమె ఏదో వంక పట్టుకుని రావడం, అతను మార్చివ్వడం. మూడో వానాకాలానికి ఆమె ‘భయ్యా’ అనడం మానేసింది. రాజగోపాల్ దాన్ని లాభం కిందే వేసుకున్నాడు. పైకి మాత్రం ఇద్దరిలో ఎవరూ బయటపడలేదు.

దామిని ఛత్తీస్‌గఢీ పిల్ల. స్టీలు ప్లాంటు క్వార్టర్లలో తెలుగువాళ్ళ మధ్య పెరిగింది గనక తెలుగు బాగానే వచ్చు.

ఆ ఏడు శ్రావణ శుక్రవారం ఆమె తడిసి ముద్దయి వస్తే, దుకాణం వెనకింట్లో పూజ ముగించిన రాజగోపాల్ తల్లి పైడమ్మ ఆమెను లోపలికి పిలిచింది. బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, అరటిపళ్ళు, కొబ్బరికాయ ఒళ్ళో పెట్టింది. దామిని పైడమ్మ కాళ్ళకు దండం పెట్టి, రాజగోపాల్ వైపు ఒక్క చూపు చూసి, గొడుగు విప్పడం మరిచి వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె తండ్రి సాహూజీ మిఠాయి డబ్బాతో దిగాడు. స్కూటర్ దగ్గర దామిని తలొంచుకుని నిలబడింది.

“ముబారక్ హో బేటా! మీ అమ్మగారు ఫల్‌దాన్ ఇచ్చేశారట. మాకూ మంజూరే. కానీ నాతో ఓ మాట చెప్పాలి కదా?”

రాజగోపాల్ కంగారుపడ్డాడు. “అయ్యో అంకుల్, అది శ్రావణంలో ఇంటికొచ్చిన ఆడవాళ్ళందరికీ ఇచ్చేదే! ఎదురింటి సర్దార్జీ భార్యకీ ఇచ్చారు.”

సాహూజీ మొహం వాడిపోయింది. “మాలో పిల్ల ఒళ్ళో కొబ్బరికాయ పెడితే సంబంధం ఖాయమైనట్టు.”

“సబ్‌కో దియా?” అంది దామిని. “బాగుంది.”

స్కూటర్ వెళ్ళిపోయింది.

“ఏట్రా,” అంది లోపల్నించి అంతా విన్న పైడమ్మ. “ఆ పిల్లొస్తే షాపులో గొడుగులన్నీ ఇప్పి సూపిస్తావు. ఇప్పుడు కాదనీసినావేటి? కావాలా, అక్కర్లేదా?”

“కావాలమ్మా.”

“మరా మాట ఆయనకి సెప్పవేం? నువ్వేటి యాపారం సేస్తన్నావురా!”

రాజగోపాల్ లెక్కేసుకున్నాడు. తాను అడగడానికి జంకుతున్నది తనంతట తానే గుమ్మంలోకి వచ్చింది. తానే తిప్పి పంపాడు. ఇంకో రోజు ఆగితే అలక గట్టిపడుతుంది. షట్టరు దించి, తల్లిని లూనా ఎక్కించాడు.

రుఆబాంధాలో సాహూజీ గుమ్మం ముందు పైడమ్మ ఇంకా బండి దిగుతూనే ఉంది. దామిని ఇత్తడి లోటాతో నీళ్ళు తెచ్చి రాజగోపాల్ ముందు పెట్టింది. వెళ్ళగొట్టలేదు, అదే పదివేలనుకుని అతను లోటా ఎత్తి గటగటా తాగేశాడు.

దామిని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “బాబూజీ, కాళ్ళు కడుక్కునే నీళ్ళు తాగేశాడు!”

సాహూజీ మీసం కదిలింది. “మా ఇళ్ళలో మెహమాన్‌కి ముందు కాళ్ళకు నీళ్ళిస్తాం బేటా.”

“నాకు తెలీదు అంకుల్. నిన్నటి వాయనం సంగతి మీకు తెలీదు. పొద్దున మీరేం అనుకున్నారో అడక్కుండా నోరు పారేసుకున్నాను. మా అమ్మ అందరికీ ఇచ్చింది, నిజమే. నేను మాత్రం దామినిని తప్ప ఎవర్నీ అనుకోలేదు.”

“కబ్‌సే?” అంది దామిని.

“మూడు వానాకాలాల నుంచీ.”

“ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?”

పైడమ్మ సంచిలోంచి కొబ్బరికాయ తీసింది. ఇవ్వలేదు. “అన్నయ్యగారూ, మీవోళ్ళు దీన్నెలాగిస్తారో ముందు సెప్పండి. ఈసారి అలాగే ఇస్తాను.”

ఆయన గొంతు సవరించుకునేలోపే దామిని తలమీద చెంగు కప్పుకుని, పైడమ్మ ఎదురుగా కూర్చుని, రెండు చేతులా ఒడి పట్టింది.