గాలి బుడగలు కావు, కణాలు

పొద్దున్నే ఆ ఇంట్లో ఉల్లిపాయ కోసింది కూరలోకి కాదు, చిట్టి సైన్సు రికార్డు కోసం. తాతయ్య బడినుంచి తెచ్చుకున్న పాత మైక్రోస్కోపును కిటికీ దగ్గర బల్లమీద పెట్టి, గాజు పలకమీద ఉల్లిపొర పరిచి, పైన పల్చటి అద్దం బిళ్లను టప్పున వేశాడు.

"చూడు చిట్టీ. గుండ్రంగా, నల్లటి అంచుతో ఉన్నాయే, అవే కణాలు. గియ్యి."

ఆయన కోడలు, చిట్టి వాళ్లమ్మ, టిఫిన్ డబ్బా మూత పెడుతూ వెళ్లి చూసి చటుక్కున ఆగింది. ఆమెది ల్యాబులో గాజు పలకలు కడిగే పని. అక్కడి డాక్టరమ్మ టెక్నీషియన్ శిక్షణకి పేరు రాయించుకోమంది. ఇవాళే ఆఖరు రోజు. "ఆగిపోయిన చదువు మళ్లీ ఎక్కడ అతుకుతుంది?" అంటూ మామగారు వారంనుంచి ఒప్పుకోవడం లేదు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషికి ఎదురు చెప్పలేక భర్త కూడా తప్పుకున్నాడు.

"మామయ్యా, అవి గాలి బుడగలండీ." అనేసింది.

"నాకే పాఠం చెప్తున్నావా అమ్మాయ్? పలకలు కడిగితే సైన్సు వచ్చేస్తుందా?"

"నన్నేమన్నా పడతాను. పిల్ల తప్పు గీస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

"గరిటె తిప్పీ తిప్పీ నాకు వంట రాలేదూ? చెయ్యనివ్వండి," అంది అత్తగారు.

కోడలు కొత్త పొర తీసి, రంగు చుక్క వేసింది. కింద గాలి చిక్కకుండా అద్దం బిళ్లను ఏటవాలుగా ఆనించి, సూదితో మెల్లగా దించింది. బొమ్మ స్పష్టంగా కనబడేదాకా మైక్రోస్కోపు చక్రం తిప్పి పక్కకి జరిగింది.

"అమ్మా, ఇటుక గోడలా ఉందే. ఒక్కోదాంట్లో ఒక చుక్క."

"ఆ చుక్క కేంద్రకం. చుట్టూ ఉన్నది కణకవచం. బుడగలో అవేం ఉండవు, ఖాళీ."

ముసలాయన వంగాడు. ఎంతసేపటికీ తలెత్తలేదు. ఎత్తేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"పుస్తకంలో బొమ్మ చూసి బోర్డుమీద గుండ్రంగా గీసేవాణ్ణి. బడిలో ఇది ఎప్పుడూ బీరువాలోనే ఉండేది. నిజం కణాన్ని చూడటం ఇవాళే, అమ్మాయ్."

"అయితే ముప్పై ఏళ్లూ పిల్లలకి బుడగలే గీసి చూపించారన్నమాట," అంది అత్తగారు.

ఆయన నవ్వేశాడు. "ఎన్నింటికి వెళ్లాలి పేరు రాయించడానికి?"

"పదింటికి."

"బయల్దేరు. చిట్టిని నేను దింపుతా. మీ ఆయనకీ నేనే చెప్తా."

ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి మామగారి గొంతు వినిపించింది.

"చిట్టీ, బొమ్మ కింద రాయి. చూపించినవారు, అమ్మ."