రోజూ నాలుగింటికి వచ్చే గిరాకి

పొద్దున్నే చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరవడం తేజస్వికి అలవాటు. వరంగల్ కాశిబుగ్గలో తమ మగ్గాల మీద నేసే జంపఖానాల కోసం ఆమే తయారుచేసిన వెబ్‌సైట్. ఎవరు ఏ దారిన వచ్చారో రోజూ చూసుకుంటుంది. ఇంటివాళ్లు చూసినవి లెక్కలో కలవకుండా ఇంటి వైఫైని ముందే మినహాయించింది. తనను తాను మోసం చేసుకోవడం ఆమెకు గిట్టదు.

"హరీష్, జర ఇటు చూడు. ఏఐని అడిగి మన సైట్‌కు వచ్చినోళ్లు ఈ నెల రోజులల్ల ముప్పై."

"ఒక్కలన్న కొన్నరా?" భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"వస్తాండ్లు కద. కొంటరు."

"రెండేండ్ల సంది ఇదే మాట. నెలాఖరుకు బంద్ చేద్దాం."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అత్తగారు సమ్మమ్మ పోయి ఏడాది. ఆమె ఫొటోలు, నేతపని ముచ్చట్లు ఉన్నది ఆ సైట్‌లోనే. కొనేవాళ్లను చూపించి భర్త నోరు మూయించాలని తేజస్వి ఆ ముప్పై రాకలను ఒక్కొక్కటిగా విప్పి చూసింది. అన్నీ సాయంత్రం నాలుగింటికే. అన్నీ సమ్మమ్మ పేజీకే. ఊరు వరంగల్. ముప్పై మంది కాదు, ఒకే ఫోను. ఎవరో తనతో ఆడుకుంటున్నారని ఆమెకు ఒళ్లు మండింది.

నాలుగైంది. పెరట్లోని మగ్గం గదిలోంచి మామగారు నర్సయ్య గొంతు వినిపించింది.

"సమ్మమ్మ జంపఖానా మూలకు ఎర్రపోగు ఎందుకేసేది?"

అడుగుతున్నది ఫోన్‌ని. దిష్టి తగలకుండా అని ఫోన్‌లోని ఏఐ జవాబు చెప్పి, ఆ జవాబు కింద వాళ్ల సైట్ లింకు చూపింది. ఆయన దాన్ని నొక్కి, భార్య ఫొటో చూస్తూ కూర్చున్నాడు. ఇంటి వైఫై ఆ గది దాకా అందదు.

"మామా, రోజూ నువ్వేనా? గిరాకులనుకొని నీ కొడుకుతోని కొట్లాడిన. నీకు తెల్వందా, దాన్ని అడుగుడెందుకు?"

నర్సయ్య తప్పు చేసినవాడిలా ఫోను బోర్లించాడు.

"తెల్వక గాదు బిడ్డా. ఇంట్ల మీ అత్త పేరెత్తేటోళ్లు ఎవలున్నరు? నేను యాది చేస్తే హరీష్ లేచి పోతాండు. నువ్వు పనిల ఉంటవ్. ఇది రోజూ తప్పే చెప్తది. అయినా సమ్మమ్మ అని పేరన్న అంటది."

తేజస్వికి తన రాత గుర్తొచ్చింది. సైట్‌లో దిష్టి అని రాసింది తనే, ఎవరినీ అడగకుండా. ఆయన నెల రోజులుగా ఆ తప్పునే వింటున్నాడు. కళ్లు తుడుచుకుని మగ్గం పక్కన కింద కూర్చుంది.

"మరి ఎందుకేసేదో నాకు చెప్పు మామా."

"పెండ్లయిన కొత్తల మేమిద్దరం నేసినయి షావుకారి కాడ కలిసిపోయినయ్, ఏది ఎవలు నేసిందో తెల్వలే. నా చెయ్యి నాకు తెల్వాలె అని అప్పటిసంది ఏసింది."

నెలాఖరున హరీష్ అడిగాడు. "ఏఐ దారిన ఎంతమంది?"

"ఒక్కలు గూడ రాలే."

"మరి బంద్ చేద్దామా?"

"ముప్పైసార్లు వచ్చింది బాపు. అత్తమ్మ ముచ్చట వినేటోళ్లు లేక ఫోన్‌ని అడిగిండు. ఇప్పుడు నన్నడుగుతాండు."

ఆ రోజు నాలుగింటికి హరీష్ మగ్గం గది గడప దగ్గర చెప్పులు విడిచి, తండ్రి పక్కన కూర్చున్నాడు.

"బాపూ, అమ్మ ఎర్రపోగు ఎందుకేసేదే?"